నొప్పికీ నొప్పికీ నడుమ

ముంగారి వాన పడే రోజు పొద్దున నేను జడ్డిగం పగలగొట్టాను.

జడ్డిగమంటే విత్తే గొర్రు మీద కూర్చునే కొయ్యగిన్నె. అడుగున మూడు బెజ్జాలు, వాటి కింద మూడు వెదురు గొట్టాలు. ఎద్దులు గొర్రును లాగుతుంటే వెనక నడిచే ఆడమనిషి గుప్పెటలోంచి కొర్రలు వదులుతుంది. గింజ గిన్నెలో పడి, గొట్టంలో జారి, తడినేలలో దిగుతుంది. అది లేకపోతే గొర్రు ఉన్నా లేనట్టే. ఆలూరు పక్క ఎర్రనేలల్లో వాన పడ్డాక పదును రెండు మూడు పొద్దులకు మించి ఆగదు. ఆ లోపల విత్తినవాడు ఆ ఏడు తింటాడు. విత్తనివాడు మూట కట్టుకుని కూలికి పోతాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. అంతకు ముందు కరువులో గంజి కేంద్రాల ముందు ముంతలు పట్టుకుని నిలబడినవాళ్లం. జడ్డిగం విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా పగలగొట్టాను. అదీ సోమక్క కళ్ల ముందే.

సోమక్కకూ మాకూ పొత్తు. మాదొక ఎద్దు, ఆమెదొక ఎద్దు, రెండూ కలిస్తే ఒక కాడి. గొర్రు ఆమెది. మా పేటలో సగం ఇళ్లు ఏసుప్రభువు గుడికి వచ్చేవి, సగం రావు. సోమక్కది రాని ఇల్లు. ఎద్దులకు ఆ తేడా లేదు. ఒక ఏడు వాళ్ల చేను ముందు, ఒక ఏడు మా చేను ముందు. ఆ ఏడు ముందు వంతు మాది.

పెళ్లై ఆ పేటకు వచ్చిన దగ్గర్నుంచి సోమక్కంటే నాకు ప్రాణం. పొద్దున లేస్తే ఆమె గడపలోనే ఉండేదాన్ని. మా అమ్మకంటే ఎక్కువని నలుగురిలో అన్నాను కూడా. అలాంటి మనిషి నన్ను పిలవకుండా ఆలూరు సంతకు పోయింది.

అంతే జరిగింది. అంతకు మించి ఏమీ లేదు. కానీ పొద్దంతా నేను ఆమె గడప వైపే చూస్తూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు సోమక్క నన్ను వదిలేసిందని తీర్మానమైపోయింది. తెల్లారి ఆమె తన ఎద్దును మా కట్టుకొయ్యకు కట్టి, గొర్రు మా వాకిట్లో దించి, నా పెనిమిటి ఏసేపుతో ఏదో మాటంటూ నవ్వింది. ఏసేపూ నవ్వాడు.

నా చెవుల్లో హోరు. జడ్డిగం నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. బండ మీద పడి రెండు చెక్కలైంది.

"నీకేం పట్టింది మే రత్నమణీ?" అంది సోమక్క.

"నన్ను ఇడిసిపెట్టి సంతకు పోతావా? మొగుణ్ణి మింగినావు, ఇప్పుడు నా కొంపకొచ్చినావా?"

సోమక్క ముఖంలో కోపం రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది. ఆమె మా కట్టుకొయ్య దగ్గరికి పోయి తన ఎద్దు పలుపు విప్పింది. "రా నాయనా" అంది ఎద్దుతో. ఏసేపు వైపు చూసి, "నీ ఎద్దుకు యాడన్నా జత చూసుకోప్పా" అంది. గొర్రును ఎద్దుకు కట్టుకుని, ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

నేను బావి దగ్గరికి పరుగెత్తాను.

అది మొదటిసారి కాదు. ఒకసారి పుట్టింటికని చెప్పకుండా ఎండలో నడిచిపోయాను. ఒకసారి ఏసేపు సంత నుంచి ఆలస్యంగా వచ్చాడని చేతిని పొయ్యిలో పెట్టాను. గాలి సోకిందన్నారు కొందరు. కొవ్వన్నారు కొందరు. గుడి అయ్యవారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎవరూ తప్పుగా చెయ్యలేదు, ఏదీ నిలవలేదు.

మా అత్త విశ్వాసమ్మ నా వెనక పరుగెత్తి రాలేదు. నడిచి వచ్చింది. వచ్చి, నాకూ బావికీ మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చుని, వక్కాకు సంచి విప్పింది. చుట్టుపక్కల ఊళ్లకు ఆమే మంత్రసాని. కేకలు వేసే ఆడవాళ్లను చూసి తొందరపడే అలవాటు ఆమెకు లేదు.

"చస్తా అత్తా. నన్ను పోనీ."

"ఇప్పుడు నువ్వు ఏమన్నా అది నొప్పి మాట్లాడే మాట మే. నీ మాట కాదు." ఆకుకు సున్నం రాస్తూ చెప్పింది. "తొలి నొప్పులప్పుడు నేను యా తల్లినీ ముక్కనియ్యను. ముక్కితే తల్లీ చెడతాది, బిడ్డా చెడతాది. ఊరికే పట్టుకోమంటా. అది ఎక్కుతాది, మల్లా దిగుతాది. దిగని నొప్పి నేనింతవరకు చూళ్లా. నొప్పికీ నొప్పికీ నడుమ సందుంటాది. లేసేది, నడిసేది, నీళ్లు తాగేది, మంచీ చెడ్డా చెప్పుకునేది అంతా ఆ సందులోనే."

కానుపు ఇళ్లలో ఇచ్చినట్టే నాకు తన మణికట్టు ఇచ్చింది. నేను పట్టుకున్నాను. గోళ్లు దిగేటట్టు పట్టుకున్నాను. ఆమె వక్కాకు నములుతూనే ఉంది.

"ఎక్కుతాందా?"

"ఎక్కుతాంది."

"ఎక్కనీ."

ఎంతసేపు అలా కూర్చున్నామో. బావిలో పావురాలు కూస్తున్న సంగతి నాకు తెలిసొచ్చింది. అప్పటిదాకా అవి లేవా, నాకు వినపడలేదా?

"ఇప్పుడు చెప్పు. ఏం చెడింది?" అంది అత్త.

"అంతా చెడింది."

"అంతా అంటాండావే, దాన్ని నాకు చూపించు. యాడుండాది?"

ఆమె మణికట్టు వదిలి వేలు మడిచాను. "జడ్డిగం పగిలింది" అన్నాను.

"అది ఒకటి."

"సోమక్క ఎద్దును తోలుకుపోయింది."

"అది ఇంకోటి."

"సోమక్క మనసు ఇరిగింది."

"ముగ్గురు బిడ్డలు!" అని అత్త బుగ్గ నొక్కుకుంది. "ముగ్గురూ ఒకేసారి బయటికి రారు మే. ఎవురు ముందు?"

నాకు నవ్వొచ్చింది. బావి గట్టు మీద, ఆ పొద్దున, నాకు నవ్వొచ్చింది.

సాయంత్రానికి వాన దంచింది. పేటంతా వాకిళ్లలోకి వచ్చి కేకలు వేశారు. పిల్లలు బట్టలిప్పి ఎగిరారు. మా ఇంట్లోంచి మాత్రం ఎవరూ వాకిట్లోకి దిగలేదు. ఏసేపు చూరు కింద నిలబడి వానను శత్రువును చూసినట్టు చూశాడు.

"ఇత్తకుంటే ఇంకేముండాది? దేవేంద్రప్ప మేస్త్రీతో కాలువ తవ్వేదానికి పోవాల్సిందే" అన్నాడు.

తుంగభద్ర కాలువ పనులవి. దేవేంద్రప్ప మనుషుల్ని గుంపుగా తీసుకుపోయేవాడు. పోయినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్లకు అక్కడ వేరే సంసారాలున్నాయని పేటంతా చెప్పుకునేది. ఏసేపు పోతే తిరిగి రాడు. నాలాంటి పెళ్లాం దగ్గరికి ఎవరొస్తారు? ఈ ఒక్క భయంతోనే నేను ఇన్నాళ్లూ అరిచాను, ఏడ్చాను, పరుగెత్తాను. ఇప్పుడు నా చేతులతో నేనే దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

"నన్ను కట్టు కాడికి! ఎద్దు బదులు నేను లాగుతా!" అని అరిచాను.

"నిన్ను కాడికి కడితే ఊరు నా మొగాన ఉమ్మెయ్యదా?"

"అయితే నేను చచ్చినాక పో!"

"మే," అంది అత్త పొయ్యి దగ్గర్నుంచి, తల కూడా తిప్పకుండా. "అది నొప్పి మాట."

నేను గుంజ పట్టుకున్నాను. పళ్లు కరుచుకుని పట్టుకున్నాను. చూరు నీళ్లు ధారగా పడుతున్నాయి. ఎక్కింది. ఎక్కింది. చివరికి దిగింది.

"జడ్డిగం చెక్కేదానికి కంబన్న రేపు ఇంట్లోనే ఉంటాడా?" అని అడిగాను.

ఏసేపు నా ముఖం చూశాడు. నా నోటి నుంచి అలాంటి ప్రశ్న అతను ఎప్పుడూ వినలేదు.

తెల్లారేసరికి వడ్రంగి కంబన్న వాకిట్లో జాతరలా ఉంది. విరిగిన కాడి ఒకరిది, ఊడిన నాగలి మేడి ఒకరిది. నా వంతు వచ్చాక నేను రెండు చెక్కలూ చూపించాను.

"కొత్తది చెక్కాలంటే ఒక పొద్దు పడతాది. ఇంతమందిని ఇడిసి నీకు చెక్కేదెట్ల? పదును పోయినాక ఇస్తాలే, ఉట్టి కట్టుకుందువు" అన్నాడు కంబన్న.

అందరూ నవ్వారు. మా చేను పక్క చేను బొజ్జన్నది. అతను గట్టిగా అన్నాడు: "పగలగొట్టేదానికి పొద్దు పట్టలేదు కదా మే!"

మెడ దగ్గర్నుంచి మంట ఎక్కింది. కంబన్న ఉలి నా కాలి దగ్గరే ఉంది. నేను పక్కకు పోయి మట్టిగోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరో "ఏడుస్తాందా?" అన్నారు. ఏడవలేదు. ఊరికే ఉన్నాను. ఉండి, కంబన్న పనివైపు చూశాను. అతను ఎవరిదో మేడికి బెజ్జం పెడుతున్నాడు. బరమా నాలుగు తిప్పులు తిప్పాడు, బెజ్జం పడింది. కొయ్యను గిన్నెగా తొలవడానికే పొద్దు పట్టేది. బెజ్జాలకు కాదు.

గిన్నె నా దగ్గరే ఉంది.

ఇంటికి పరుగెత్తాను. మా అమ్మ పెళ్లిలో ఇచ్చిన కొయ్య మరిగె, సంగటి వేసుకునేది, బోర్లించి ఉంది. దాన్ని తెచ్చి కంబన్న ముందు పెట్టాను.

"నువ్వు చెక్కొద్దన్నా. దీనికి మూడు బెజ్జాలు పెట్టిస్తే చాలు."

కంబన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది తినే మరిగె కదా మే."

"తినేదానికే కదన్నా అడుగుతాండేది."

బొజ్జన్న నవ్వు ఆగిపోయింది. కంబన్న బరమా తీశాడు. బెజ్జాలు పెడుతూ, "ఈ బుద్ధి నిన్న యాడ మేయబోయిండె?" అన్నాడు. నిన్న దానికి సందు దొరకలేదని అతనికెలా చెప్పను?

మొదటి బిడ్డ బయటపడింది. మిగిలిన ఇద్దరూ సోమక్క వాకిట్లో ఉన్నారు.

ఆమె ఎద్దుకు చొప్ప వేస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. నేను మరిగె పక్కన పెట్టి ఆమె కాళ్ల మీద పడ్డాను. "అక్కా, నన్ను చెప్పుతో కొట్టు. నా నోట్లో మన్ను పొయ్యి."

"లెయ్" అంది సోమక్క. "నీ ఏడుపు నాకొద్దు. ఉగాదప్పుడు ఏడ్చినావు, కాళ్లు పట్టుకున్నావు. మూన్నెల్లు తిరక్కముందే మల్లా నోరు తెరిసినావు. తిట్లు తినేదాన్నీ నేనే, తిట్టినదాన్ని ఊరడించేదాన్నీ నేనే. నాకు శానయిందమ్మా."

నన్ను ఎప్పుడూ 'మే' అనే మనిషి 'అమ్మా' అంది. ఇంక ఈమె లేదు అనిపించింది. నొప్పి నిలువునా ఎక్కింది. నాకు తెలిసినవి రెండే దారులు, పైకి లేచి తిట్టడం, లేదా పరుగెత్తడం. నేను రెండూ చెయ్యలేదు. నేల మీద కూర్చుని నా మణికట్టు నేనే పట్టుకున్నాను.

"ఏం చేస్తాండావు?" అంది సోమక్క.

"నొప్పి దిగేదాకా చూస్తాండా అక్కా. మా అత్త చెప్పింది."

ఆమె వింతగా చూసి మళ్లీ చొప్ప పనిలో పడింది. అది దిగాక నేను చుట్టూ చూశాను. గడప పక్కన విత్తనాల కడవ మూత తీసి ఉంది. గొర్రు గోడకు ఆనించి ఉంది, గిన్నె లేకుండా. ఎద్దు ఒకటే. నిన్నటి నుంచి నా చేను, నా మొగుడు, నా బతుకు అనుకున్నానే తప్ప, సోమక్క చేను కూడా అదే పదునుతో ఎండిపోతోందని నాకు తట్టనే లేదు.

"అక్కా, జడ్డిగం తెచ్చినా," అన్నాను. "ఈ ఏడు వంతు మాదే. అయినా ముందు నీ చేను ఇత్తుదాం. పదును మిగిలితే మాది."

"మిగలకుంటే?"

"ఏసేపు కాలువకు పోతాడు."

"పోతే నువ్వు తట్టుకుంటావా?" ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగా అడిగింది.

"తెలీదక్కా."

సోమక్క మరిగె ఎత్తి బెజ్జాల్లో వేలు పెట్టి చూసింది. "నీ మొగుణ్ణి అడిగినావా?"

"ఇంకా లేదు."

"ముందు అడిగిరా పో. మల్లా నా మీద పడి అరుస్తాడు. ఇంకో మాట ఇను. నోరు జారితే చేలో నడిమధ్యన ఎద్దును ఇప్పుకుపోతా."

ఏసేపుకు చెప్పాను. అతను చేతిలోని మోకులు కింద పెట్టాడు. "ముందు ఆమె చేనని నువ్వే అన్నావా? నీ నోటితో?"

"ఊ."

అతను మోకులు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

సోమక్క చేను పూర్తయ్యేసరికి మరుసటి రోజు పొద్దు నెత్తికెక్కింది. గాలి లేచింది. మా చేలోకి దిగేటప్పటికి పైమట్టి రంగు మారుతోంది. ఏసేపు మేడి పట్టాడు. సోమక్క గింజ వదులుతోంది. నేను విత్తనాల గంపతో పక్కనే నడుస్తున్నాను. అత్త లేదు, పక్క ఊళ్లో కానుపుకు పిలిచారు.

"నీ చెయ్యి బంగారం సోమక్కా," అన్నాడు ఏసేపు. "మా ఇంట్లో యా చెయ్యీ ఇట్ల ఆడదు."

మామూలు మాట. మా పేటలో అందరూ అనే మాటే. నాకు మాత్రం కత్తి దిగినట్టయింది. గంప నా చేతుల్లో ఉంది. విసిరెయ్యడానికి ఎంతసేపు?

"అక్కా, ఆపు," అన్నాను. "నొప్పి."

సోమక్క గుప్పెట మూసింది. "ఏసేపూ, ఎద్దుల్ని నిలుపు."

"పదును పోతాంది సోమక్కా!"

"నిలుపప్పా."

ఎద్దులు ఆగాయి. ఒక్కో నిమిషమూ నేల ఆరిపోతోంది. అది ముగ్గురికీ తెలుసు. నేను గంప వాటేసుకుని కళ్లు మూసుకున్నాను. నా బతుకులో నా కోసం అంత విలువైనది ఎవరూ ఖర్చు పెట్టలేదు.

పక్క చేలోంచి బొజ్జన్న కేక వేశాడు: "ఏమప్పా ఏసేపూ, ఎద్దులకు జెరమొచ్చిందా? నిలబడినారు?"

"నీ పని నువ్వు చూసుకో బొజ్జన్నా! రత్నమణికి నొప్పి!" అంది సోమక్క.

"కానుపా! చేలోనా! విశ్వాసమ్మను పిల్చుకోని రావాల్నా?"

"వస్తే ముందు నీ నోటికి కట్టు కడతాది పో!"

ఏసేపు పకపక నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే. నొప్పి దిగింది. "నడవండి" అన్నాను.

సగం కంటే కాస్త ఎక్కువ విత్తాం. తర్వాత గొర్రు పళ్లు పొడిమట్టిని గీకడం మొదలుపెట్టాయి. పొడిలో వేసిన గింజ చీమల పాలు. "ఇంక చాలప్పా" అంది సోమక్క. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మొలక బాగానే వచ్చింది. కానీ సగం చేను ముగ్గురికి ఏడాదంతా చాలదు. మిగతా సగానికి మళ్లీ అదునుకు వాన రాలేదు. కలుపులు అయ్యాక ఒక పొద్దున ఏసేపు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను జొన్నలు దంచుతున్నాను.

"దేవేంద్రప్ప గుంపు పోతాంది. నేనూ పోదామనుకుంటాండా" అన్నాడు. నా చేతిలో రోకలి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "సంతకని చెప్పి పోదామనుకున్న్యా. మల్లా... నీకు చెప్పే పోవాలనిపించింది."

"కాసేపు నిలబడు" అన్నాను.

అతను నిలబడ్డాడు. నేను రోకలి పక్కన పెట్టి రోలు అంచు పట్టుకున్నాను. ఎక్కింది, దిగింది. అప్పుడు అడిగాను: "మన పేట నుంచి ఎవురెవురు పోతాండారు? యాడ పండుకుంటారు? సంగటి ఎవురు కెలుకుతారు? కొర్ర కోతకు వస్తావా?"

ఒక్కొక్కటికీ జవాబు చెప్పాడు. చివరిదానికి, "కోతకు రాకుంటే నా చేను బొజ్జన్న కోస్తాడా ఏంది?" అన్నాడు.

అన్నమాట ప్రకారం కోతకు వచ్చాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు పోయాడు, ప్రతిసారీ చెప్పే పోయాడు, ప్రతిసారీ వచ్చాడు. నా నొప్పి పూర్తిగా పోలేదు. ఈ వయసులోనూ వస్తుంది. కానీ బావి దగ్గరికి నేను నీళ్లకు తప్ప పోలేదు. మా అత్తా సోమక్కా ఇప్పుడు లేరు. ఒకరు నాకు సందు ఉందని చెప్పారు, ఒకరు ఆ సందు దొరికేదాకా ఎద్దుల్ని నిలిపారు. నేను తిన్న ప్రతి ముద్దలో వాళ్లిద్దరి పాలూ ఉంది.

ఏసేపు పోయిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

గుంపు దుమ్ములో కలిసిపోయేదాకా చూసి ఇంట్లోకి వచ్చాను. అత్త కానుపుకు పోయింది. ఇల్లు ఖాళీ. అతని పంచె దండెం మీద ఆరుతోంది. అప్పుడు ఎక్కింది. అంతకు ముందు వచ్చినవన్నీ దీని ముందు చిన్న నొప్పులు. నేను తలుపు దగ్గరగా వేసి, సోమక్క ఇంటికి నడిచాను. పరుగెత్తలేదు.

సోమక్క అరుగు మీద చాట పెట్టుకుని ఉలవలు ఏరుతోంది.

"అక్కా, ఏసేపు పోయినాడు. నొప్పి ఎక్కుతాంది. నీ దగ్గర కూర్చుంటా. ఏం మాట్లాడను."

ఆమె కాస్త పక్కకు జరిగింది. "కూర్చో. ఊరికే ఎందుకు కూర్చుంటావు, ఇవి ఏరు" అని చాట నా ముందుకు తోసింది.

పొద్దు వాలేదాకా ఏరాను. నడుమ ఎన్నిసార్లు ఎక్కిందో, ఎన్నిసార్లు దిగిందో లెక్కపెట్టలేదు. నేను లేచేటప్పుడు సోమక్క చాటలో చెయ్యి పెట్టి కెలికి చూసింది.

"రాళ్లన్నీ చాటలోనే పెట్టి ఉలవలు కింద పారేసినావు కదే," అంది. "రేపు మల్లా రా. సక్కగా ఏరుదువు."